అతని భుజం వెనకాల

"బోటు. బాగుంది. వేడి."

ఫోనులోంచి భర్త గొంతు ఆ మూడు ముక్కలూ చెప్పేసి ఊరుకుంది. ఆమె అప్పుడే క్లినిక్ నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా బీన్స్ ఈనెలు తీస్తూ కూచుంది. గొంతు వెనకాలే ఫోటోలు వచ్చి పడ్డాయి. అన్నిట్లోనూ అతనే. బోటు ముందు అతను, బోటులో అతను, బోటు దిగాక అతను.

"ఏమంటున్నాడు?" పక్క గదిలోంచి అత్తగారు.

"బోటు ఎక్కారట అత్తయ్యా. బాగుందట. వేడిగా ఉందట."

"ఇంకా?"

"అంతే."

"వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని భయం" అంది అత్తగారు.

ఇంత పొదుపుగా మాట్లాడే ఈ మనిషికి బయట కబుర్లపోగు అని పేరు. ప్యాకింగు యంత్రాలు అమ్మే కంపెనీలో ఉద్యోగం కాబట్టి అతను తరచుగా ఆసియాలో ఏదో ఒక మూలకి విమానం ఎక్కుతుంటాడు. వెళ్ళిన చోటల్లా తీసుకున్న ఫోటోలూ, వాటి కింద ప్రయాణం కబుర్లూ ఫోన్లలో 'ఆసియా దారుల్లో' అనే పేజీలో వస్తాయి. వేలమంది చదువుతారు, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. "సార్, మీరు రాస్తుంటే మేమూ ఆ వీధిలో మీ వెనకాలే నడిచినట్టుంది" అని ఒకావిడ. "మగవాళ్ళలో ఇంత గమనించేవాళ్ళు ఉంటారా?" అని ఇంకొకావిడ. ఉండకేం, ఉంటారు. కానీ ఈయన కాదు.

రాసేది ఆమె. మొదటిసారి అతను ఒక కొండమీది ఊరు వెళ్ళొచ్చినప్పుడు ఫోటోలు పెడదామనుకుని, కింద ఏం రాయాలో తోచక, "నాలుగు ముక్కలు రాసి పెట్టు, నీకు వచ్చుగా" అన్నాడు. ఆమె నాలుగు రాయబోతే నలభై అయ్యాయి. ఆ ఊరి పేరు అతనికి నోరు తిరక్కపోవడంతో ఇంట్లో దాన్ని మెట్ల ఊరు అనుకునేవాళ్ళు. తరవాత పడవల ఊరు, గంటల ఊరు, దుప్పట్ల ఊరు, అలా ఒక్కో ఊరికీ ముద్దుపేరు పెట్టుకుంటూ వచ్చారు. పేర్లు పెట్టింది ఆమె, తిరిగింది అతను, మెచ్చుకోళ్ళు కూడా అతనికే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. పోనీ మోసం చేస్తున్నానని అతననుకున్నాడా అంటే అదీ లేదు. తన చొక్కా ఆమె ఇస్త్రీ చేస్తుంది, తన పెట్టె ఆమె సర్దుతుంది, తన కబుర్లు ఆమె రాస్తుంది. ఇస్త్రీ చేసినావిడ పేరు చొక్కామీద వేసుకుని తిరుగుతారా ఎవరైనా?

ఆమె రాసే పద్ధతి వేరు. ఫోటో తెరవగానే మధ్యలో నవ్వుతూ నిలబడ్డ భర్తని వదిలేసి, అతని భుజం వెనకాల ఏముందో చూస్తుంది. వేళ్ళతో సాగదీసి సాగదీసి, అంచులదాకా వెళ్తుంది. అక్కడ ఎవరో ఒక్కకాలి చెప్పు విప్పి రాయి దులుపుకుంటూ ఉంటారు. ఒక తలుపు సగం తెరుచుకుని, లోపల స్టూలుమీద ఎవరో తినబోయి వదిలేసిన గిన్నె ఉంటుంది. ఆరేసిన బట్టల్లో ఒక చిన్న గౌను, దాని జేబు తిరగేసి ఉంటుంది. అవి చూసి ఫోను చేస్తుంది. "ఏమండీ, మీ వెనకాల నీలంరంగు తలుపు ఉంది చూడండి, అక్కడ కూచున్నావిడ ఏం అమ్ముతోంది?"

"ఏ ఆవిడ?"

"మీ పక్కనే ఉందండీ. మోచెయ్యి తగిలేంత దగ్గరగా."

"ఏమో, చూళ్ళేదు. మీటింగుకి టైమవుతోంది, ఉంటా."

అతను చూళ్ళేదంటే ఆమెకి లోపల్లోపల సంతోషంగా ఉండేది. అతను చూడకపోతే అది తనది. ఇంటినుంచి క్లినిక్‌కి బస్సులో వెళ్ళే దారిలో కళ్ళు మూసుకుని ఆ నీలం తలుపు దాకా నడిచివెళ్ళి, ఆవిడ పక్కన కూచుని, బుట్టమీద బట్ట తీసి చూసేది. రాళ్ళు పరిచిన సందులో తన కాళ్ళు ఎలా పడతాయో అనుకునేది. అక్కడి సాయంత్రం గాలి ఏ వాసన వేస్తుందో ఫోటో చెప్పదు కదా. ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఎంతమంది రాసినవి చదివినా ఆ ఒక్కటీ దొరికేది కాదు. వాసన రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగిపోయేది. ఒక్కసారి, ఒక్క ఊరు, పడవల ఊరే అనుకుందాం, ఆ రేవులో ఒక్క సాయంత్రం తన సొంత ముక్కుతో గాలి పీల్చి రావాలి. ఆమెకి ఉన్న కోరిక అంతే. వినడానికి ఎంత చిన్నది! కానీ అది లోపల కూచుని ఆమెని రోజూ లాగుతూనే ఉండేది. ఏడుపొచ్చేంతగా లాగిన రోజులు కూడా ఉన్నాయి. అలాంటి రోజుల్లో స్నానాల గదిలో కుళాయి విప్పుకుని నిలబడేది.

పడవల ఊరు గురించి ఆమె రాసింది ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు అతను పంపింది "వాన. తడిశాను" అని. ఫోటోలో రేవు, అతను, వెనకాల పసుపుపచ్చ గొడుగు పట్టుకున్న ఒక ముసలావిడ. ఆ ముసలావిడ బోటు వచ్చేదాకా తన గొడుగు నా మీదే పట్టిందనీ, తను సగం తడిసిందనీ, ఒకరి భాష ఒకరికి రాకపోయినా బోటు కదిలేముందు నా చెంపమీద చెయ్యి వేసి ఏదో అందనీ, అతనే చెప్తున్నట్టుగా ఆమె రాసింది. ఆవేళ నిజంగా వానలో నిలబడింది ఆమె. క్లినిక్ ముందు బస్టాపులో, చేతిలో కూరల సంచీతో, తొందరగా రమ్మని అత్తగారు మూడోసారి ఫోను చేస్తుండగా. ఎవరైనా వచ్చి నా మీద గొడుగు పట్టుకుంటే బావుండునని ఆమె అనుకుంది. ఇంటికొచ్చి అన్నం వండి, అందరికీ పెట్టి, ఆ గొడుగుని తీసుకెళ్ళి అతని మీద పట్టింది.

అది చదివి ఎంతమంది ఏడ్చారో. క్లినిక్‌లో పళ్ళ డాక్టరుగారు కూడా ఒకరోజు ఆమె బల్ల దగ్గర ఆగారు. ఆమె అక్కడ రోగుల పేర్లు పిలుస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది, డాక్టరుగారికి టీ పెడుతుంది. టీ ఆమె పని కాదు, కానీ "మీరు పెడితే ఇంట్లో తాగినట్టుంటుంది" అని ఆయన ఒకసారి అన్నారు, అప్పట్నుంచీ అది ఆమె పనైంది. "మీవారి గొడుగు కథ మా ఆవిడ నాకు చదివి వినిపించిందండీ. అంత సున్నితమైన మనిషితో కాపురం. మీకేం, అదృష్టవంతులు" అన్నారు. ఆమె నవ్వి, తరవాతి రోగిని పిలిచింది.

ఒక ఆదివారం సాయంత్రం కంపెనీవాళ్ళు భార్యలతో సహా ఇంటికొచ్చారు. టీవీకి ఫోను తగిలించి భర్త ఫోటోలు చూపించాడు. రేవు ఫోటో రాగానే ఒకావిడ "ఆ గొడుగామె సంగతి మీ నోటితో వినాలి" అని పట్టుబట్టింది. ఆమె వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడేం చెప్తాడు పాపం, అని అతనికోసం భయపడింది.

అతను చెప్పాడు. తడుముకోలేదు. వాన ఎంత పెద్దదో చేతులు చాపి చూపించాడు. ముసలావిడ చెయ్యి గరుకుగా ఉందన్నాడు. అది ఆమె రాయలేదు, అతనే కలిపాడు. చెప్తూ చెప్తూ చెంప తడుముకున్నాడు కూడా. అబద్ధమాడేవాడి మొహం కాదది. పదిసార్లు చదువుకుని, పదిమంది మెచ్చుకోగా విని, అతను నిజంగానే ఆ గొడుగు కింద నిలబడ్డాడు. ఆమె మాత్రం బయట వానలోనే ఉంది.

"మరి మీరెప్పుడూ వెళ్ళలేదా అండీ ఈయనతో?" అని ఆ అతిథి ఇటు తిరిగింది.

"తనకి ప్రయాణాలు పడవండీ" అన్నాడు భర్త, ఆమె నోరు తెరిచేలోపే. "ఇల్లు వదిలితే నిద్రే పట్టదు."

పడవో పడతాయో ఎవరికి తెలుసు? ఎవరైనా ఎక్కిస్తే కదా! పెళ్ళైన కొత్తలో "ఏడాదికో దేశం" అని అతను ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించాడు. అతనిది ముద్రలతో నిండిపోయి మారుతూ వచ్చింది. ఆమెది గడువు తీరిపోయినప్పుడల్లా ఆమె స్వయంగా వెళ్ళి కొత్తది తెచ్చుకునేది. అందులో ఒక్క ముద్రా లేదు. ఆ మాట అక్కడే, అందరి ముందూ అనేయాలని ఆమెకి నాలుకదాకా వచ్చింది. కప్పుల్లో టీ చల్లారిపోతోందని ఒకరన్నారు. ఆమె లోపలికి వెళ్ళింది.

తరవాత కొన్నాళ్ళకి అతని కంపెనీ, బాగా అమ్మినవాళ్ళకి బహుమానంగా, ఇద్దరు వెళ్ళిరావడానికి ఒక ప్రయాణం ఇచ్చింది. ఎక్కడికి? పడవల ఊరికే. ఆ మాట అతను చెప్పులు విప్పుతూ చెప్పాడు, ఆమె చెప్పుల బీరువా దగ్గరే నిలబడిపోయింది. ఇద్దరికి అంటే ఇద్దరికి, ఇంక వేరే అర్థం ఏముంటుంది? ఆ వారమంతా ఆమె కాలు నేలమీద నిలవలేదు. రాళ్ళ సందుల్లో జారకుండా ఉండే బూట్లు కొనుక్కుని, ఎవరికీ చెప్పకుండా మంచం కింద పెట్టుకుంది. అత్తగారికి తోడుగా కొన్నాళ్ళుండమని ఆడపడుచుని అడిగింది. హాస్టల్లో ఉన్న కూతురికి మాత్రం ఫోనులో గుసగుసగా చెప్పింది. "అమ్మా, నీ గొంతు ఎవరిదోలా ఉందే" అంది ఆ పిల్ల నవ్వుతూ.

వారం చివర్న, అన్నాలు తింటుండగా భర్త అన్నాడు. "అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నా. ఈ వయసులో ఇంకెప్పుడు చూస్తుంది?"

"నన్నెందుకురా, నా మోకాళ్ళు చూశావా?" అంది అత్తగారు. "దాన్ని తీసుకెళ్ళు. దానికి సరదా."

"తనా?" అతను ఆమె వైపు చూసి ఎంతో ప్రేమగా నవ్వాడు. "తను ఇవన్నీ చూసినట్టేగా అమ్మా. నాకంటే బాగా చూసింది. చదవట్లేదూ నువ్వు?"

అందులో ఒక్క చెడ్డ మాట లేదు. వెతికితే మెచ్చుకోలే ఉంది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, మెచ్చుకున్నవాణ్ణి ఏం చేస్తాం? తల్లిని తీసుకెళ్తానన్న కొడుకుని కాదంటే లోకం ఎవరిని గయ్యాళి అంటుంది? అన్నీ ఆలోచించి ఆమె "మజ్జిగ పోయనా?" అంది. ఇంట్లో కూచునే రెక్కలు కట్టుకుని ఊరూరా తిరిగినందుకు ఇదా ఫలితం అనుకుంది. తనకి తెలిసినట్టు రాయకుండా, 'బోటు, బాగుంది, వేడి' అనే రాసి ఉంటే ఇవాళ తనని తీసుకెళ్ళేవాడేమో. బాగా రాయడమే తను చేసిన తప్పైపోయింది. ఆమె మనసు విరిగిపోయింది. గిన్నెలు కడుగుతున్నంతసేపూ వేడినీళ్ళు చేతులమీద పోసుకుంటూనే ఉంది, వేడి తెలియలేదు.

వాళ్ళు వెళ్ళారు. పెట్టెలు రెండూ ఆమే సర్దింది. ఆ కొత్త బూట్లు వేసుకుని రోజూ క్లినిక్‌కి వెళ్ళింది.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున అత్తగారు కాళ్ళు ఉప్పునీళ్ళ టబ్బులో పెట్టుకుని కూచుంటే, ఆమె నేలమీద కూచుని పిక్కలు ఒత్తింది. ఎంత వద్దనుకున్నా అడక్కుండా ఉండలేకపోయింది.

"ఎలా ఉంది అత్తయ్యా రేవు?"

"ఏముందే, నీళ్ళు."

"సాయంత్రం వెళ్ళారా? గాలి ఎలా ఉంది? ఏదైనా వాసన..."

"దూరపు కొండలు నునుపు. మనూరి బస్టాండులాగే ఉంది, కాకపోతే కింద నీళ్ళు." అత్తగారు కాసేపు కాళ్ళకేసి చూసుకుంది. తరవాత గొంతు తగ్గించి, "ఆ గొడుగావిడ కోసం చూశానే" అంది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"రెండు పూటలా వెళ్ళి కూచున్నా. పసుపుపచ్చ గొడుగు ఎక్కడైనా కనబడుతుందేమోనని. వాణ్ణి అడిగితే, 'ఏ గొడుగావిడమ్మా?' అన్నాడు. నలుగురూ కూచుంటే చెంప తడుముకుని మరీ చెప్తాడే, అక్కడ నిలబడితే గుర్తులేదు వాడికి." అత్తగారు నిట్టూర్చింది. "అప్పుడనిపించింది, ఇక్కడికి రావాల్సింది నేను కాదని. పోన్లే, నేనేం అనను, వాడిష్టం. ఎడంకాలు ఇంకాస్త గట్టిగా ఒత్తు."

ఆ పూటంతా ఆమెకి కళ్ళముందు ఒకటే కనబడింది. అక్కడి భాషైనా తెలియని రేవులో, నొప్పి కాళ్ళతో, కోడలు కల్పించిన మనిషికోసం వెతుక్కుంటూ కూచున్న ముసలావిడ. నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆవిడంటే ఎప్పుడూ లేనంత ఇష్టం కలిగింది. ఆ వెనకాలే, అక్కడ కూచోవాల్సింది నేను, నేను, అని లోపల ఎవరో అరిచినట్టయింది.

సాయంత్రం భర్త ఫోను ఆమె ముందు పెట్టాడు. "ఫోటోలన్నీ వేశాను. అమ్మతో వెళ్ళాను కదా, తల్లీకొడుకుల ప్రయాణం అంటూ గుండె కరిగేలా రాయి. ఆ, ఇంకోటి. ఎవరో రిటైరైన నర్సట, పేజీకి ఉత్తరం రాసింది. చదివి ఏదోటి చెప్పి పంపించెయ్."

ఆమె చదివింది. 'సార్, మేము కొందరం ఆడవాళ్ళం. అందరం ఉద్యోగాలూ బాధ్యతలూ ముగించుకున్నవాళ్ళం. మీ రాతలు చదివి పడవల ఊరు బయల్దేరుతున్నాం. గొడుగమ్మని వెతికి ఒక కొత్త గొడుగు ఇచ్చి రావాలని మా కోరిక. మీరు తోడొస్తే ఆవిణ్ణి గుర్తుపట్టగలరు. ఎవరి ఖర్చు వాళ్ళదే.' కింద ఫోను నంబరు.

"ఆడవాళ్ళ సామాన్లు మొయ్యడానికి పిలుస్తున్నారు నన్ను" అని భర్త పగలబడి నవ్వాడు. "నొచ్చుకోకుండా కుదరదని రాయి. అలాంటివి నీకు బాగా వచ్చు."

ఆమె రాయడానికి కూచుంది. 'మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి' అని మొదలుపెట్టింది. కృతజ్ఞుణ్ణి. ఇన్నేళ్ళుగా తను మగవాడిలా రాస్తూ ఉంది, ఏనాడూ చెయ్యి తడబడలేదు. ఇవాళ ఆ మాట దగ్గర ఆగిపోయింది. చెరిపేసింది. మళ్ళీ రాయబోయింది, రాలేదు. తల్లీకొడుకుల ప్రయాణమూ రాలేదు. "తలనొప్పిగా ఉంది, రేపు చూస్తా" అని లేచింది. "పేజీ ఖాళీగా ఉంటే జనం అడుగుతారే" అన్నాడు అతను, బాధగానే.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ ఖాళీ అయ్యింది. డాక్టరుగారు లోపల భోంచేస్తున్నారు. పనిముట్లు ఉడకబెట్టే వెనకగదిలో ఆమె ఒక్కతే నిలబడి ఆ నంబరుకి ఫోను చేసింది. అవతలి గొంతు గట్టిగా, వార్డంతా వినబడేలా మాట్లాడి అలవాటైన గొంతు.

"ఆసియా దారుల్లో సారు ఇంటినుంచా? అయ్యో, నిజంగా చేశారే! సార్ వస్తున్నారా అమ్మా?"

"సార్ రారండీ" అంది ఆమె. ఇంతటితో ఆపి పెట్టేస్తే మర్యాదగా అయిపోతుంది. ఒక్క క్షణం అలాగే చేద్దామనుకుంది కూడా. "సార్ వచ్చినా మీకు ఉపయోగం లేదండీ. ఆయన ఆవిణ్ణి చూళ్ళేదు. ఆ రాతలన్నీ నావి. ఆయన ఫోటోలు పంపిస్తే ఇంట్లో కూచుని నేను రాస్తాను. ఆ ఊళ్ళేవీ నేను చూళ్ళేదు."

ఆమె పక్కన పనిముట్ల నీళ్ళు ఉడుకుతున్నాయి.

"మరి గొడుగమ్మ?" అంది నర్సు.

"ఆవిడ ఉందండీ. ఫోటోలో ఉంది, పసుపుపచ్చ గొడుగూ ఉంది. కానీ ఆవిడ దాన్ని ఇంకెవరిమీదా పట్టలేదు. అది నేను కల్పించాను. మీరందరూ దాన్ని నమ్ముకుని అంతదూరం వెళ్తున్నారని తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను. మా అత్తగారు కూడా వెతుక్కుని వచ్చారు."

"అంటే మేం ఒట్టి కట్టుకథకోసం టిక్కెట్లు కొనుక్కున్నామన్నమాట."

"అవునండీ."

నర్సు ముందు చిన్నగా, తరవాత పెద్దగా నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. "మా వాళ్ళకి చెప్తే తంతారు. తన్నినా సరే, వెళ్ళడం మానం. ఇన్నేళ్ళకి గడప దాటుతున్నాం, కారణం పోయిందని కూలబడతామా?" అంతలో గొంతు మార్చి అడిగింది. "ఆ మాట ఉత్తరంలో రాసి ఊరుకోవచ్చుగా. ఫోనెందుకు చేశావమ్మా?"

ఆమెకి ఆ ప్రశ్న కావాలనే ఉంది. గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"మీరు ఒప్పుకుంటే నేనూ వస్తానండీ. నా ఖర్చు నాదే. నాకెవరినీ గుర్తుపట్టడం రాదు, దారీ తెలియదు. మీకు నావల్ల ఉపయోగం ఉంటుందో లేదో. ఊరికే వస్తాను. ఆ రేవులో కాసేపు నిలబడాలి నాకు."

"ఊరికే రావడానికేగా మేం అందరం వెళ్ళేది" అంది నర్సు. అంతలోనే, ఏ ఆడదైనా ఏ ఆడదాన్నైనా అడిగే మొదటి ప్రశ్నే ఆవిడా అడిగింది. "మీ ఆయన్ని అడిగావా మరి?"

"ఆయన ఏనాడూ నన్ను అడిగి వెళ్ళలేదండీ, చెప్పి వెళ్ళారు" అంది ఆమె. "నేనూ చెప్పే వస్తాను."